ఆదివారం పేజీలో తోటి రచయిత పేరు: ఈర్ష్య ఎలా పుడుతుంది, ఎక్కడ ఆపవచ్చు

క్లుప్తంగా: తోటి రచయితకు పేరొస్తే కలిగే బాధను అసలు రాకుండా చేసే పద్ధతి ఏదీ లేదు. ఆ బాధ గొప్పవాళ్ళను చూసి కాదు, దగ్గరివాళ్ళను చూసి పుడుతుంది. కొలతలు మసకగా ఉన్న రంగంలో మరీ ఎక్కువగా పుడుతుంది. తెలుగు సాహిత్యరంగంలో ఈ రెండు పరిస్థితులూ ఉన్నాయి. అయితే బాధ కలగడం ఒకటి, ఆ బాధతో ఎదుటివారి రచనలో లేని తప్పు వెతకడం ఇంకొకటి. ఈ రెంటి మధ్య కాస్త వ్యవధి ఉంటుంది. పనిచేసే ఉపాయాలన్నీ ఆ వ్యవధికి సంబంధించినవే.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో వస్తుంది. పత్రిక అనుబంధంలోని కథ పేజీని మంచం మీద పరిచి ఫోన్‌తో తీసిన ఫొటో. కింది మూలన తీసినవారి బొటనవేలు కూడా పడింది. పైన రెండే ముక్కలు: 'ఈ ఆదివారం నా కథ. ఎంపిక చేసిన సంపాదకులకు ధన్యవాదాలు.' మధ్యాహ్నానికి దాని కింద అభినందనలు వరస కడతాయి. అదే పత్రికకు నాలుగు నెలల కింద కథ పంపి, ఉలుకూ పలుకూ లేక ఎదురుచూస్తున్న మరో రచయిత ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి మొదటి పేరా చదువుతాడు. మూడో వాక్యం దాటకముందే తీర్పు సిద్ధం: 'ఇందులో ఏముందని వేశారు?'

డిసెంబర్, జనవరి నెలల్లో ఇలాంటి క్షణాలు ఎక్కువ. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు, కేంద్ర సాహిత్య అకాడమీ ప్రకటన, సంక్రాంతి కథల పోటీ ఫలితాలు అన్నీ ఆ రోజుల్లోనే దగ్గర దగ్గరగా వస్తాయి. 'నన్ను చూసి ఏడవకురా' అని లారీల వెనక రాసుకునే సమాజంలో ఏడుపు కొత్త విషయం కాదు. రచయితల ఏడుపుకు మాత్రం ప్రత్యేకమైన నిర్మాణం ఉంది.

ఈర్ష్య వేరు, అసూయ వేరు

వాడుకలో ఈ రెండు మాటలనూ కలిపేస్తాం. సంస్కృత నిఘంటువు అమరకోశం కలపలేదు. అందులోని నాట్యవర్గం అనే భాగంలో ఈర్ష్యకు అర్థం 'అక్షాంతి', అంటే ఓర్వలేకపోవడం. అసూయకు 'దోషారోపో గుణేష్వపి' అని చెప్పింది. గుణాలున్న చోట కూడా దోషాన్ని అంటగట్టడం అని. మత్సరమంటే ఇతరుల శుభం మీద ద్వేషం. అరిషడ్వర్గంలో ఆరోది అదే.

నిఘంటువుల ముచ్చటగా పక్కన పెట్టదగ్గ తేడా కాదిది. ఈర్ష్య ఒక అనుభూతి, అది దానంతట అది వస్తుంది. అసూయ ఒక పని, మాటలతో చేసేది. 'సంపాదకుడు వాళ్ళ ఊరివాడట', 'జడ్జీలకు ఇలాంటి ఏడుపుగొట్టు కథలే నచ్చుతాయి', 'శిల్పం లేదు, ఉత్త వార్తాకథనం' లాంటి వాక్యాలు బాధను సగం దింపుతాయి కాబట్టే నోటికొస్తాయి. డచ్ భాషలోనూ ఇలా రెండు వేర్వేరు మాటలున్నాయి. ఒకటి తననూ ఆ ఎత్తుకు ఎక్కమని తోసేది, రెండోది ఎదుటివారిని కిందికి లాగమనేది. నీల్స్ వాన్ డ వెన్, మరో ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఇవి రెండూ నిజంగానే వేర్వేరు అనుభవాలని, వేర్వేరు పనులకు పురిగొల్పుతాయని తేలింది. ఎదుటివారి గెలుపు న్యాయమైనదని, తన పరిస్థితి తన చేతిలో కొంతైనా ఉందని అనిపిస్తే మొదటి దారి పడుతుంది. లేకుంటే రెండోది.

ఈ రెండు షరతులూ తెలుగు రచయితకు ఎందుకు అంత సులభంగా తీరవో చూడాలి.

దూరపు కొండలు కుళ్ళు పుట్టించవు

విశ్వనాథ సత్యనారాయణకు 1970లో జ్ఞానపీఠం వచ్చిందని ఇవాళ ఎవరికీ నిద్ర కరువవదు. నిద్ర చెడగొట్టేది మొన్నటిదాకా అదే వాట్సాప్ గుంపులో కథ పంపి 'ఎలా ఉందో చెప్పండి' అని అడిగినవారి పేరు. గ్రీకు కవి హీసియడ్ సుమారు రెండు వేల ఏడు వందల ఏళ్ళ కిందే కుమ్మరికి కుమ్మరి మీద, కవికి కవి మీద అని రాశాడు. వయసులో, ఊళ్ళో, కాలంలో, పేరులో దగ్గరగా ఉన్నవారిపైనే ఈ గుణం పనిచేస్తుందని అరిస్టాటిల్ వివరించాడు. 1954లో మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ దీనికి కారణం చెప్పాడు: కచ్చితమైన కొలత దొరకనప్పుడు మనిషి తన సామర్థ్యాన్ని తనలాంటి వాళ్ళతో పోల్చుకునే అంచనా వేస్తాడు. పరుగుపందెంలో గడియారం ఉంటుంది. కథకు అలాంటి గడియారం లేదు.

మరో మనస్తత్వవేత్త అబ్రహం టెస్సర్ చూపించిన సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. ఆయన, జొనాథన్ స్మిత్ కలిసి 1980లో ప్రచురించిన ప్రయోగంలో మనుషులు ఒక మాటను ఊహించేందుకు స్నేహితులకూ అపరిచితులకూ ఆధారాలివ్వాలి. ఆట ఉత్త కాలక్షేపమని చెప్పినప్పుడు స్నేహితులకు తేలిక ఆధారాలు అందాయి. అది ముఖ్యమైన సామర్థ్యాన్ని కొలుస్తుందని చెప్పినప్పుడు స్నేహితులకే, అపరిచితుల కంటే కష్టమైనవి అందాయి. దగ్గరితనం, విషయం తనకు ఎంత ముఖ్యం, ఎదుటివారు ఎంత ముందున్నారు అనే మూడూ కలిస్తే బాధ. ఆ బాధ తగ్గించుకోవడానికి మనసు ఈ మూడింటిలో ఏదో ఒకటి మారుస్తుంది. స్నేహితుడికి ఫోన్లు తగ్గిపోతాయి. లేదా 'పోటీలంటే మొదటినుంచీ పడదు' అనే కొత్త సిద్ధాంతం పుడుతుంది. మూడో దారి తన రాతను మెరుగుపరుచుకోవడం. అది నెలలు పడుతుంది కాబట్టి మొదటి రెండే ముందు వాడుకలోకి వస్తాయి.

మన సాహిత్య చరిత్రలో దీనికి ఆనవాళ్ళు బోలెడు. ప్రబంధాల అవతారికల్లో, అంటే పీఠికల్లో, పూర్వకవి స్తుతి పక్కనే కుకవినిందకు, అంటే చెడ్డ కవులను తిట్టడానికి, ప్రత్యేకంగా చోటుండేది. స్తుతి చనిపోయినవారికి, నింద బతికున్నవారికి అన్న పంపకం గమనించదగ్గది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ మధ్య నడిచిన స్పర్ధ ప్రసిద్ధమే. ఇద్దరూ జంటకవులే, ఇద్దరిదీ అవధాన విద్యే, ఇద్దరూ ఎక్కింది దాదాపు అవే సభలు. ఏ రకంగా చూసినా దగ్గరివాళ్ళు.

సీట్లు తక్కువ, కొలబద్దలు మసక

వారానికి ఒక కథ వేసే ఆదివారం అనుబంధంలో ఏడాదికి ఉండేవి 52 చోట్లు. పండగ పోటీల బహుమతి కథలు కొన్ని వారాలను తీసుకుంటాయి. పత్రికలు కథతో పాటు హామీపత్రం అడుగుతాయి: కథ సొంతం, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని. అంటే ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపకూడదు. జవాబు కోసం మూడు నెలలు ఆగితే ఒక కథకు ఏడాదిలో దక్కే అవకాశాలు నాలుగే. చేతిలో ఒకే కథ ఉన్న రచయితకు ఒక్కో తిరస్కరణ ఏడాదిలో పావువంతు. నాలుగు కథలున్నవారికి అదే తిరస్కరణ పదహారో వంతు. ఇద్దరూ ఒకే ఆదివారం ఒకే పేరు చూసినా మంట ఒకేలా ఉండదు.

పురస్కారాల సంగతి ఇంకా ఇరుకు. కేంద్ర సాహిత్య అకాడమీ 24 భాషల్లో భాషకు ఏడాదికి ఒక పుస్తకానికే ప్రధాన పురస్కారం ఇస్తుంది. నగదు లక్ష రూపాయలు. తుది నిర్ణయం ముగ్గురు సభ్యుల జ్యూరీది. 2011 నుంచి 35 ఏళ్ళ లోపువారికి యువ పురస్కారం, 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఉన్నాయి, ఒక్కోటి 50,000 రూపాయలు. ఇవన్నీ కలిపినా పదేళ్ళలో సంతోషపెట్టగలిగేది ముప్పై మందిని కూడా దాటదు. పైగా గుర్తింపు ఎప్పుడొస్తుందో చెప్పలేం. కాళీపట్నం రామారావుకు పేరు తెచ్చిన కథ 1960ల్లోది, ఆ కథ పేరుతో ఉన్న సంపుటికి అకాడమీ పురస్కారం 1995లో. రావూరి భరద్వాజకు 2012 సంవత్సరపు జ్ఞానపీఠం 2013లో ప్రకటించేసరికి ఆయన వయసు 85. మధ్యలో ఉన్న దశాబ్దాల్లో ఏ సంవత్సరాన కొలిచినా లెక్క తప్పే వచ్చేది.

ఇక కొలబద్దలు. 'మూడో ముద్రణ' అన్న ప్రకటన చూసి గుండె జారే ముందు అడగాల్సింది ముద్రణకు ఎన్ని ప్రతులని. డిజిటల్ ప్రింటింగ్‌లో వంద ప్రతులు కూడా వేసుకోవచ్చు. అలా మూడు ముద్రణలు కలిపితే 300. ఆఫ్‌సెట్‌లో ఒకేసారి వెయ్యి వేయించి అందులో ఆరు వందలు అమ్ముకున్న రచయిత 'మొదటి ముద్రణ' దగ్గరే ఉండిపోతాడు. 500 ప్రతులు వేస్తే వందో నూట యాభయ్యో రచయిత చేతి మీదుగా ఉచితంగా వెళ్ళడం మామూలే. అవి అమ్ముడైన లెక్కలోకి వస్తాయా రావా అన్నది చెప్పేవారిని బట్టి ఉంటుంది. ప్రైవేటు పురస్కారాల్లో చాలావాటికి ప్రకటన చూసి, మూడో నాలుగో ప్రతులు, బయోడేటా కలిపి రచయితే పంపాలి. కొందరికి అవార్డులు వానలా కురవడానికి రచన ఒక్కటే కారణం కాదు. వాళ్ళు గడువు తేదీలు రాసుకుంటారు, కొరియర్ ఖర్చు పెట్టుకుంటారు. ఇందులో తప్పేమీ లేదు, పంపనివారు ఆ జాబితాలో తమ పేరు వెతుక్కోవడమే విచిత్రం.

అదృష్టం వాటా ఎంత అన్నదానికి 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ చేసిన ప్రయోగం మంచి జవాబు. 14 వేల మందికి పైగా పాల్గొన్నవారికి 48 అపరిచిత పాటలు వినిపించారు, నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కొందరికి ఇతరుల డౌన్‌లోడ్ల సంఖ్య కనిపించదు. మిగిలినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, ఎవరి గుంపు సంఖ్య వారికే కనిపించేలా చేశారు. ఒక పాట ఒక గుంపులో మొదటి స్థానానికి ఎక్కింది, మరో గుంపులో 40వ స్థానంలో మిగిలింది. బాగా మంచివి అట్టడుగుకు, బాగా చెడ్డవి పైకి చేరడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏమైనా జరగొచ్చు. తొలి నలుగురు ఏది మెచ్చుకున్నారన్నది తర్వాతి నాలుగు వందల మందిని నడిపిస్తుంది. ఒకసారి పేరొచ్చినవారికే మళ్ళీ పేరు చేరడాన్ని 1968లో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ శాస్త్రవేత్తల విషయంలో వివరించాడు. ముందుమాటలు, సమీక్షలు, సభల ఆహ్వానాలు కూడా ఆ సూత్రంతోనే నడుస్తాయి.

రోజుకొక శుభవార్త ఎక్కడినుంచి వస్తోంది?

ఒక రచయిత ఫేస్‌బుక్ జాబితాలో 150 మంది రాసేవారు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి ఏడాదికి మూడంటే మూడే శుభవార్తలు: ఒక కథ అచ్చు, ఒక పోటీలో సాధారణ ప్రచురణకు ఎంపిక, ఒక సన్మానం. మొత్తం 450. రోజుకు ఒకటి కంటే ఎక్కువ. చూసే రచయితకూ ఏడాదికి మూడే ఉన్నాయి, అంటే అతను సరిగ్గా సగటున ఉన్నాడు. కానీ తెర మీద అతని వాటా 450కి మూడుగా కనిపిస్తుంది. తిరిగొచ్చిన కథలు, జవాబు రాని మెయిళ్ళు, అటక మీది కట్టలు ఫొటో కావు.

దీనికి ఇంకో వక్రత తోడవుతుంది. మన స్నేహితుల్లో ఎక్కువమందికి మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారని 1991లో సామాజిక శాస్త్రవేత్త స్కాట్ ఫెల్డ్ లెక్కగట్టి చూపించాడు. ఎక్కువ పరిచయాలున్నవారు ఎక్కువమంది జాబితాల్లో ఉంటారు కాబట్టి ఇది అనివార్యం. రాసేవారి గుంపుల్లోనూ అంతే. బాగా తెలిసినవారే అందరి తెరల మీదా తిరుగుతుంటారు, మిగతావారు వాళ్ళను చూసి తమను కొలుచుకుంటారు.

మౌనం చేసే నష్టం

అసూయ బయటికి తిట్టుగా రావడం తక్కువ. ఎక్కువగా అది మౌనంగా వస్తుంది. చదివి కూడా చదవనట్టు ఊరుకోవడం. దాని జంట రూపం మర్యాద పొగడ్త: 'అద్భుతం అండీ, చదివించింది.' ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన నిజాయితీ గల సమీక్ష పుట్టదు. సమీక్ష లేనప్పుడు తన కథ ఎక్కడ నిలిచిందో ఎక్కడ జారిందో రచయితకు తెలియదు. తెలియనప్పుడు మిగిలే కొలతలు లైకులు, శాలువాలు, మెమెంటోలే. ఆ కొలతలు ఎంత బలపడితే ఈర్ష్య అంత పెరుగుతుంది, మౌనమూ అంతే పెరుగుతుంది. ఈ చక్రం వల్ల నష్టపోయేది ఒక రచయిత కాదు, విమర్శే.

వ్యక్తిగతంగా జరిగే నష్టం ఇంకా నేరుగా ఉంటుంది. 'ఇందులో ఏముంది' అని నిర్ణయించుకున్న కథ నుంచి ఏమీ నేర్చుకోలేం. సంపాదకుడు వంద కథల్లో అది ఎందుకు తీశాడో చూడాల్సిన కన్ను ఆ క్షణాన మూతపడుతుంది. రాసేవారికి అది పనిముట్టు పోగొట్టుకోవడంతో సమానం.

మొదటి రెండు రోజులు

ఈ దశలో లక్ష్యం ఒకటే: ఈర్ష్య అసూయగా మారకుండా చూడటం. మనసును మార్చుకోవాలని ప్రయత్నిస్తే జరిగేది తక్కువ. చేతులను ఆపడం తేలిక.

కథ బావుందో లేదో 48 గంటల పాటు ఎవరితోనూ అనకూడదు. ముఖ్యంగా మూడో మనిషితో ఫోన్లో. నోటితో అన్న అభిప్రాయాన్ని తర్వాత మార్చుకోవడం కష్టం, దాన్ని సమర్థించుకుంటూ పోతాం. అభినందన చెప్పదలిస్తే ఒక్క వాక్యం చాలు. చెప్పలేకపోతే చెప్పనక్కర్లేదు. ఈ రెండు రోజుల్లో రాసిన ఆరు వాక్యాల పొగడ్త కూడా ప్రమాదకరమే, వారం తర్వాత అదే మనిషి మీద చేదుగా తిరగబడుతుంది.

అదే పేరు పదేపదే కనిపిస్తుంటే ఫేస్‌బుక్‌లో 30 రోజుల స్నూజ్ ఉంది. ఎదుటివారికి తెలియదు, స్నేహం తెగదు, గడువు కాగానే దానంతట అదే తొలగిపోతుంది. అన్‌ఫ్రెండ్ చేయడం, బ్లాక్ చేయడం వేరే సంగతి. వాటిని ఎదుటివారు గమనిస్తారు, దానికి వివరణ చెప్పుకోవాల్సి వస్తుంది.

తర్వాత ఒక కాగితం మీద ఒకే ప్రశ్న: సరిగ్గా దేన్ని చూసి? డబ్బునా, అచ్చులో పేరునా, పాఠకుల సంఖ్యనా, ఫలానా పెద్దాయన మెచ్చుకోవడమా, ఆ వాక్యం రాయగల నేర్పా, రోజుకు మూడు గంటలు రాసుకోగల తీరికా? 'అన్నీ' అనిపిస్తుంది కానీ రాస్తూ పోతే ఒకటో రెండో మిగులుతాయి. బహుమతి మొత్తం 5,000 రూపాయలు అన్నది చాలాసార్లు మొదటే కొట్టివేతకు గురవుతుంది. తీరిక అని తేలితే సమస్య ఆ రచయితతో కాదు, ఇంటి సమయపట్టికతో. నేర్పు అని తేలితే మాత్రమే తర్వాతి పని ఉంది.

పదో రోజున పెన్సిల్‌తో

పది రోజులాగి అదే కథను కాగితం మీద చదవాలి. తెర మీద చదివితే కామెంట్లు కూడా కథలో భాగమై కూర్చుంటాయి. మొదటి చదువు ఆపకుండా. రెండో చదువులో పెన్సిల్ పట్టుకుని లెక్కలు: మొత్తం ఎన్ని పదాలు, అసలు చిక్కు ఎన్నో పేరాలో మొదలైంది, సంభాషణ ఎంత శాతం, కాలం ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళింది, పాఠకుడికి చెప్పకుండా దాచిన విషయం ఏది, ఎక్కడ బయటపెట్టారు, చివరి పేరా తీసేస్తే కథ ఆగుతుందా. ఆ పక్కనే తన తాజా కథకు అవే లెక్కలు.

తేడా ఎక్కువసార్లు కంటికి కనిపించేలా ఉంటుంది. అచ్చయిన కథలో చిక్కు రెండో పేరాలో మొదలై, తిరిగొచ్చిన కథలో ఏడో పేరాలో మొదలైతే, మధ్యలోని ఐదు పేరాలు ఊరి వర్ణన, పాత్రల పరిచయం. ఆదివారం పేజీకి నిడివి పరిమితి కచ్చితంగా ఉంటుంది కాబట్టి ఈ ఐదు పేరాలే నిర్ణయాత్మకం కావచ్చు. ఒక పేజీని చేత్తో ఎత్తిరాస్తే వాక్యాల పొడవు వేళ్ళకు తెలుస్తుంది. చివరికి ఒక్క వాక్యం రాసుకోవాలి: ఈ కథలో ఉండి నా కథలో లేనిది ఇది. 'అదృష్టం', 'పరిచయాలు' అని రాయకూడదు, పేజీ మీద వేలుపెట్టి చూపగలిగింది రాయాలి.

ఇంత చేశాక కూడా కథ బలహీనంగానే కనిపించవచ్చు. పర్వాలేదు. పెన్సిల్ పట్టుకుని వచ్చిన ఆ అభిప్రాయం విమర్శ, మూడో వాక్యం దగ్గర వచ్చినదాని పేరు అసూయ. రెండూ ఒకే తీర్పు చెప్పినా ఒకటి కావు.

పంపిన కథల పద్దు

పోలిక ఎలాగూ ఆగదు కాబట్టి దానికి వేరే మేత వేయాలి. ఒక నోటుబుక్కులో ఆరు గడులు: కథ పేరు, పదాల సంఖ్య, ఎక్కడికి పంపింది, తేదీ, ఫలితం, తర్వాత ఎక్కడికి. చివరి గడి ముఖ్యం. కథ పంపిన రోజే దాన్ని నింపాలి. తిరస్కరణ వచ్చిన రోజు ఆలోచించే ఓపిక ఉండదు, ముందే రాసి ఉంటే చేయాల్సింది మెయిల్ పంపడమే. 90 రోజులు దాటి జవాబు లేకపోతే 'ఉపసంహరించుకుంటున్నాను' అని రెండు వాక్యాల మెయిల్ రాసి, వారంలోగా తర్వాతి చోటుకు. మెయిల్ రాయకుండా మరోచోటికి పంపితే రెండు పత్రికల్లోనూ అచ్చయ్యే ప్రమాదం ఉంది. అలా జరిగితే రెండు తలుపులూ మూసుకుంటాయి.

ఎప్పుడూ కనీసం మూడు కథలు పరిశీలనలో ఉండాలి. ఈ ఒక్క నియమానికే ఈర్ష్య తీవ్రత బాగా తగ్గుతుంది, పైన చెప్పిన పావువంతు లెక్క వల్ల. ఏడాది చివర చూసుకోవాల్సిన అంకెలు రెండు: పూర్తి చేసినవి ఎన్ని, పంపినవి ఎన్ని. అచ్చయినవి ఎన్ని అన్నది మూడోది. అది రచయిత చేతిలో లేదు.

నలుగురైదుగురు కూర్చుని అచ్చుకాని ప్రతులు చదువుకునే బృందం ఉంటే ఇంకా మంచిది. ఎదుటివారి కథ మొదటి ప్రతిలో ఎంత కుంటిందో, ఎన్నిసార్లు తిరగరాశారో చూసినవారికి ఆదివారం పేజీలో అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అనిపించదు. గెలుపు న్యాయమైనదన్న భావన అక్కడే పుడుతుంది. అభినందనలు మాత్రమే పంచుకునే వాట్సాప్ గుంపు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం.

బెడిసికొట్టేవి

గెలిచిన కథను పోలి రాయడం మొదటిది. ఒక పోటీలో వృద్ధాశ్రమం కథకు బహుమతి వస్తే మరుసటి ఏడాది పరిశీలకుల బల్ల మీద వృద్ధాశ్రమాలు బారులు తీరతాయి. తీసుకోవాల్సింది పద్ధతిని, వస్తువును కాదు.

కామెంట్లు లెక్కపెట్టడం రెండోది. రెండు వందల అభినందనల్లో కథలోని పాత్ర పేరు ఎత్తినవి ఎన్ని అని చూస్తే పదో పదిహేనో ఉంటాయి. లైకుల విలువ ఎంతో తెలుసుకోవడానికి ఒక్కసారి చేస్తే మంచి కసరత్తే. ప్రతి ఆదివారమూ చేస్తే అది గుణాల్లో దోషం వెతకడమే, కొత్త వేషంలో.

బాధను ఆ స్నేహితుడికే చెప్పేసుకోవడం మూడోది. నిజాయితీగానే అనిపిస్తుంది. కానీ ఆ రోజు అతని సంతోషం, ఇతని ఓదార్పు రెండూ అతని నెత్తినే పడతాయి. కొన్ని నెలలాగి చెప్తే నవ్వుకునే విషయం అవుతుంది. పతంజలి యోగసూత్రాలు 1.33లో సుఖంగా ఉన్నవారి పట్ల కోరింది మైత్రిని. మురిసిపోవాలని శాసించలేదు. ఫోన్ చేసి, కథ గురించి ఒక ప్రశ్న అడిగితే మైత్రికి అది చాలు.

వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, తానెందుకూ పనికిరానన్న ఆలోచన వదలకపోవడం ఉంటే అది ఈ వ్యాసం పరిధి దాటిన సమస్య. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ దొరుకుతుంది.

నిజంగా అన్యాయమే అయితే?

ప్రతి ఫిర్యాదునూ కుళ్ళు అని కొట్టిపారేయడం కూడా ఒక రాజకీయమే. కులం, ప్రాంతం, లింగం, మాండలికం పేరుతో తెలుగులో ఎవరెవరు ఎన్నేళ్ళు బయట నిలబడ్డారో తెలిసిందే. తేడా పట్టడానికి ఒక పరీక్ష ఉంది. ఆ బహుమతి రేపు తనకే వస్తే ఫిర్యాదు మిగులుతుందా? మిగిలితే అది పద్ధతి మీద. మాయమైతే మనిషి మీద. రెండో గుర్తు భాష: పద్ధతి మీద ఫిర్యాదులో నియమాలు, ఏళ్ళు, సంఖ్యలు ఉంటాయి. మనిషి మీద ఫిర్యాదులో మారుపేర్లు ఉంటాయి.

పద్ధతి మీది కోపం ఏమి చేయగలదో 1990ల్లో కనిపించింది. 1993లో స్త్రీవాద కవితా సంకలనం 'నీలిమేఘాలు', 1995లో దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట' వచ్చాయి. ఉన్న పీటల మీద చోటు అడగడంతో ఆగకుండా కొత్త పంక్తి వేశారు. ఆ తర్వాత కవిత్వాన్ని కొలిచే ప్రమాణాల మీదే చర్చ మారింది. ఎవరో ఒకరికి వచ్చిన శాలువాను గుంజుకోవడంతో ఆ పని అయ్యేది కాదు.

గెలిచినవారి వైపు

ఈ లెక్కలో రెండో మనిషి కూడా ఉన్నాడు, ఆదివారం ఫొటో పెట్టినవాడు. అతను ఎవరి మీదా జాలిపడి గెలుపు దాచుకోనక్కర్లేదు. కొన్ని చిన్న అలవాట్లు మాత్రం చుట్టూ ఉన్నవారికి కొలతలను స్పష్టం చేస్తాయి. ఒకే వార్తను ఒకసారే పెట్టడం, పేజీ ఫొటో, లింకు, వచ్చిన ప్రశంసల స్క్రీన్‌షాట్లు విడివిడిగా నాలుగు రోజులు కాకుండా. ఈ కథ అంతకుముందు రెండు చోట్ల తిరిగొచ్చిందని, రాసి మూడేళ్ళయిందని ఒక వాక్యం చేర్చడం. మూడో ముద్రణ అన్నప్పుడు ప్రతుల సంఖ్య కూడా చెప్పడం. మొదటి ప్రతి చదివి తప్పులు చెప్పిన స్నేహితుడు ఒకడు ఉంటాడు. అతని కథ కూడా అదే సంపాదకుడి దగ్గర ఉండొచ్చు. అతనికి ఆ సంగతి ఫేస్‌బుక్‌లో తెలియకూడదు. శనివారం రాత్రే ఫోన్ వెళ్ళాలి.